విండోస్ సర్వర్‌లో రాత్రంతా 4625 ఈవెంట్లు నమోదవుతుంటే ముందు 3389 పోర్టు మూసేయండి

అకౌంట్ల సర్వర్ ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన ఈవెంట్ల చిట్టా చూపే చోట) రాత్రంతా 4625 కనిపిస్తోందన్నారు కదండీ, అవి విఫలమైన లాగిన్ ప్రయత్నాలు. ఇంటి నుంచి పనికోసం రౌటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్‌ది, అంటే దూరం నుంచి కంప్యూటర్ నడిపే దారి) తెరిచామని మీరే రాశారు. దాడి చేసేవాళ్లు వస్తున్న దారి బహుశా అదే. ఇప్పుడే మూసేయండి. పోర్టు నంబరు మార్చి ఊరుకోవద్దు, తెరిచిన పోర్టులను వెతికే స్కానర్లు దాన్నీ పట్టేస్తాయి. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి సురక్షితమైన ప్రైవేటు దారి) పెట్టి, పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ కూడా అడిగేలా చేయండి.

తర్వాత 4624 వెతకండి. అది విజయవంతమైన లాగిన్. అపరిచిత ఐపీ నుంచి, లాగిన్ టైప్ 10 (రిమోట్ డెస్క్‌టాప్) లేదా 3 (నెట్‌వర్క్)తో ఒక్కటి కనిపించినా చొరబాటుగానే భావించండి. నెట్‌వర్క్ తీగ పీకేయండి, సర్వర్ మాత్రం ఆపొద్దు. ఆపితే మెమరీలోని ఆనవాళ్లు పోతాయి. వేలకొద్దీ 4625లు పాత నమోదులను తుడిచేస్తాయి కాబట్టి సెక్యూరిటీ లాగ్‌ను వెంటనే వేరేచోట భద్రపరచండి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఆదేశాల ప్రకారం చొరబాటును గుర్తించిన 6 గంటల్లో వారికి తెలపాలి.