ఇసుకలో, రాళ్ల దారుల్లో తిరిగే జీపుకు మాన్యువల్ గేరా, ఆటోమేటిక్కా?

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరాల ఇసుకలో ఎక్కువగా తిరిగేవారికి టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ మేలు. నల్లమల వైపు రాళ్ల దారుల్లో నిటారుగా దిగాల్సినవారికి మాన్యువల్ నయం.

తేడా అంతా క్లచ్‌లో ఉంది. గేరు మార్చడానికి క్లచ్ తొక్కిన ఆ అరక్షణం చక్రాలకు శక్తి అందదు. తారు రోడ్డు మీద అది లెక్కలోకి రాదు. పొడి ఇసుకలో మాత్రం ఊపు చచ్చిపోయి, చక్రం ఉన్నచోటే గుంత తవ్వుకుంటుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కూ గేరుపెట్టెకూ మధ్య నూనె తిరుగుతూ శక్తిని అందిస్తుంది. బండి కదిలేటప్పుడు టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని, పెంచుతుంది కూడా.

ఉదాహరణకు, కొత్తపట్నం దగ్గర ఇసుకదిబ్బ ఎక్కుతూ మధ్యలో ఆగారనుకోండి. మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద నాలుగైదుసార్లు తంటాలు పడితే క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తుంది. ఆటోమేటిక్‌లో యాక్సిలరేటర్ మెల్లగా నొక్కితే సరిపోతుంది. అయితే టైర్లలో గాలి తగ్గించకపోతే ఏ గేరైనా ఒకటే!

దిగేటప్పుడు కథ మారుతుంది. 4-లోలో (నాలుగు చక్రాలకూ శక్తినిస్తూ బండిని చాలా నెమ్మదిగా నడిపించే గేరు వరుసలో) మొదటి గేరు వేసిన మాన్యువల్ బండిని ఇంజినే గట్టిగా పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు.

చాలామంది పొరబడేది ఆటోమేటిక్‌లన్నీ ఒకటేనని. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) నిజానికి మాన్యువల్ గేరుపెట్టే. క్లచ్‌ను కాలికి బదులు యంత్రం తొక్కుతుంది. ఇసుకలో దానికీ అవే పాట్లు. థార్, జిమ్నీ ఆటోమేటిక్‌లలో ఉన్నది టార్క్ కన్వర్టరే.