సాఫ్ట్‌వేర్ డెవలపర్‌కి తత్వశాస్త్రం ఎందుకు పనికొస్తుంది?

కోడ్ రాసేముందు "ఇది అసలేమిటి, దీన్నుంచి అది నిజంగా తేలుతుందా" అని నిలదీసి చూసే అలవాటు తత్వశాస్త్రం నేర్పుతుంది కాబట్టి పనికొస్తుంది. కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ పట్టేది వ్యాకరణం, డేటా రకాల్లాంటి తప్పులనే. ఆలోచనలోని గజిబిజిని అది పట్టలేదు.

పలాసలో జీడిపప్పు తయారీకి యాప్ రాస్తున్నారనుకోండి. పిక్కలు బస్తాల్లో వస్తాయి. ఉడికించి, కొట్టి, పొర తీసి, గ్రేడులుగా విడదీస్తారు. మధ్యలో ఇద్దరు రైతుల పిక్కలు కలిసిపోతే, చివర్న డబ్బాలోకి వెళ్లిన పప్పు ఏ లాట్‌ది, అంటే ఏ విడత సరుకుది? పాత లాట్ నంబరే ఉంచాలా, కొత్తది ఇవ్వాలా? ఓడకి ఒక్కో పలకా మార్చుకుంటూ పోతే చివరికి అది పాత ఓడేనా అని గ్రీకులు వాదించుకున్నది సరిగ్గా దీని గురించే. డేటాబేస్ డిజైన్‌లో ఈ ప్రశ్న దాటేస్తే, పురుగు పట్టిన సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

తర్కం మాట సరేసరి. అండ్ (రెండూ), ఆర్ (ఏదో ఒకటైనా), నాట్ (కాదు)ల లెక్కను గణితవేత్త జార్జ్ బూల్ 1854లో పుస్తకంగా తెచ్చింది ఆలోచనా నియమాలను వివరించడానికే, అప్పటికి కంప్యూటర్లు లేవు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది గానీ నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండదని మన నైయాయికులూ, అంటే న్యాయదర్శనం తార్కికులూ, హెచ్చరించారు. సర్వర్ లాగ్, అంటే సర్వర్‌లో జరిగినవి నమోదయ్యే చిట్టా, చదివేటప్పుడు చాలామంది ఇలా తిరగేసి బోర్లాపడేది ఇక్కడే.

తత్వశాస్త్రమంటే వేదాంతం, రిటైరయ్యాక కాలక్షేపం అనుకోవడం మామూలు అపోహ. అది చదివితే కోడింగ్ దానంతటదే వచ్చేస్తుందనుకోవడం ఇంకొకటి. రాదు. విజయనగరంలో బీటెక్ చదివే కుర్రాళ్లకైనా తర్కం మీద మొదటిమెట్టు పుస్తకం ఒకటి చాలు, డేటాని అమర్చే పద్ధతులు నేర్పే డేటా స్ట్రక్చర్స్ పాఠం మానేసి మాత్రం కాదు.