చిట్టితల్లికి పెద్దమ్మ రాసేది

చిట్టితల్లీ,

డిగ్రీలో స్థూల అర్థశాస్త్రం పై స్థాయి పేపరు తీసుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తరువాత ఈ సబ్జెక్టు జోలికి వచ్చినదానివి నువ్వే. ఎంత పొంగిపోయానో చెప్పలేను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నా భయమంతా నీ జ్ఞాపకశక్తి గురించే. పదో తరగతిలో సాంఘికశాస్త్రం మొత్తం గడగడా అప్పజెప్పిన పిల్లవి. ఇక్కడ అది చెల్లదు.

క్లాసు మానకు. గైడు కొనకు. అవకలనం (లెక్కల్లో డిఫరెన్షియేషన్) మరిచిపోయి ఉంటే ముందు అది చూసుకో. పటాన్ని పుస్తకం మూసి గీయి, ఏ అక్షం మీద ఏముందో మొదట రాయి.

జాతీయాదాయం అధ్యాయం ఇంటర్‌లోనే చదివేశాం కదా అని అందరూ పేజీలు తిప్పేస్తారు. పలమనేరు నుంచి వచ్చిన నా విద్యార్థి ఒకడు అలాగే చేశాడు. చాలా తెలివైనవాడు. ఎమ్మే సీటు కోసం వెళ్తే ఇంటర్వ్యూలో ఒకటే అడిగారట: దిగుమతులు తగ్గితే స్థూల దేశీయోత్పత్తి, అదే జీడీపీ, ఏమవుతుంది? వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ వ్యయం, ఎగుమతులు కూడి దిగుమతులు తీసేస్తాం కాబట్టి అంత మేరకు పెరుగుతుందన్నాడు. సీటు రాలేదు. ఆ సాయంత్రం మా వరండాలో వాడు కూర్చున్న తీరు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

దిగుమతులను ఎందుకు తీసేస్తామో ఆలోచించు. విదేశంలో తయారైన ఫోనును తిరుపతిలో 15,000 రూపాయలకు కొన్నావనుకో. ఆ మొత్తం వినియోగంలో చేరిపోయింది. అందులో 12,000 దిగుమతి విలువైతే అది మన ఉత్పత్తి కాదు, అందుకే తీసేస్తాం. మిగిలిన 3,000 మన రవాణా, మన దుకాణాల సంపాదన. నువ్వు ఆ ఫోను కొనక, ఆ డబ్బు వేరే దేనికీ ఖర్చు చేయకపోతే దిగుమతి 12,000 తగ్గుతుంది, వినియోగం 15,000 తగ్గుతుంది. స్థూల దేశీయోత్పత్తి పెరగకపోగా 3,000 తగ్గింది! మన శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫోన్లు బిగించినా అంతే, బయటినుంచి తెచ్చిన విడిభాగాల విలువ పోగా మిగిలిందే మనది. ఆ సమీకరణం జరిగినదాన్ని లెక్కగడుతుంది. దేనివల్ల ఏది జరిగిందో చెప్పదు.

దేశాలు కూడా ఇలాంటి పొరపాటే చేశాయి. ఫిలిప్స్ అనే ఆర్థికవేత్త 1958లో బ్రిటన్ లెక్కలు, 1861 నుంచి 1957 దాకా, పరిశీలించి నిరుద్యోగం తక్కువున్నప్పుడు వేతనాలు వేగంగా పెరిగాయని చూపాడు. కొంత ద్రవ్యోల్బణం భరిస్తే ఉద్యోగాలు ఎప్పటికీ దక్కుతాయని చాలామంది నమ్మారు. అది నిలవదని ఫ్రీడ్‌మన్, ఫెల్ప్స్ అనే ఆర్థికవేత్తలు 1960లలోనే హెచ్చరించారు. ధరలు పెరుగుతాయని జనం ముందే అంచనా వేసుకుని వేతనాలు అడుగుతారు మరి. 1970లలో చమురు ధరలు కూడా ఎగిశాయి, అమెరికాలో నిరుద్యోగం, ధరలు రెండూ కలిసి పెరిగాయి.

ఐఎస్–ఎల్‌ఎం పటం వచ్చినప్పుడు ఇది మనసులో పెట్టుకో. ఐఎస్ రేఖ సరుకుల మార్కెట్టుది, ఎల్‌ఎం రేఖ డబ్బు మార్కెట్టుది, రెండూ కలిసిన చోట దేశ ఆదాయం, వడ్డీ రేటు తేలతాయి. ధరల స్థాయి పెరిగితే ఎల్‌ఎం రేఖ ఎడమకు జరుగుతుందని రాస్తే చాలదు. డబ్బు నిజ విలువ తగ్గింది, అందుకని వడ్డీ పెరిగింది అని నోటితో చెప్పగలగాలి. చెప్పలేకపోతే చేయెత్తి అడుగు. నలుగురిలో అడగడానికి నీకు మొహమాటమని నాకు తెలుసు. తెలిసినట్టు తల ఊపి ఇంటికి వచ్చావో, ఊరుకోను తల్లీ. మా కాలంలో అడిగితే కసిరేవాళ్ళు. నిన్నెవరైనా కసిరితే నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రైనా సరే. నీ గొంతు వింటే నాకూ ధైర్యంగా ఉంటుంది.

లైబ్రరీలో కూర్చుని మధ్యాహ్నం తిండి మానేస్తున్నావట. అది నాకు నచ్చలేదు.

ఆదివారం చిత్తూరు రా. ఈలోగా ఒక లెక్క చేసి తీసుకురా: మన రైతు తోతాపురి మామిడికాయలను ఫ్యాక్టరీకి అమ్మాడు, ఫ్యాక్టరీ గుజ్జు తీసి విదేశానికి పంపింది. కాయల విలువను, గుజ్జు విలువను రెండింటినీ కలపాలా, వద్దా? ఎందుకు?

మీ పెద్దమ్మ