డిటెక్టివ్ నవలలు విదేశాల్లో అమ్మాలంటే ముందు ఫైలు బాగుచేయండి

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా డిటెక్టివ్ నవలలు రాస్తున్నాను. పద్నాలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్లు ఈ-బుక్ ఉందా అని అడుగుతున్నారు. నా దగ్గర పాత పేజ్‌మేకర్ (అచ్చుకు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు, పీడీఎఫ్‌లు ఉన్నాయి. వాటిని కిండిల్‌లో పెట్టేయొచ్చా? మూడు నవలల్ని ఏఐతో ఇంగ్లిష్‌లోకి మార్చి అక్కడివాళ్లకూ అమ్మాలని ఉంది.
– ఒక రచయిత, తెనాలి

ముందు కిండిల్ సంగతి తేల్చేద్దాం. 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు వచ్చాయి, తెలుగు రాలేదు. రచయితలు సొంతంగా పుస్తకాలు పెట్టుకునే కేడీపీలో భాషల జాబితా తెరిస్తే అందులో తెలుగు కనిపించదు. ఇన్ని కోట్ల మంది చదివే భాషకు చోటు లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. భాష దగ్గర తమిళమనో హిందీ అనో పెట్టి తెలుగు ఫైలు ఎక్కించమని కొందరు సలహా ఇస్తారు, ఆ పని మాత్రం చేయకండి, పుస్తకం తీసేస్తారు, ఖాతాకే ఎసరు రావచ్చు. తెలుగు నవలలకు గూగుల్ ప్లే బుక్స్ మంచి దారి. ఖాతా ఉచితం, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేకపోయినా తీసుకుంటారు, ఏ దేశంలో ఎంత ధరో మీరే పెట్టుకోవచ్చు, రచయితకు 70 శాతం వరకు వస్తుంది. ఇంగ్లిష్ అనువాదాలకు కేడీపీ.

అసలు పని ఫైలు దగ్గర ఉంది. మీ పేజ్‌మేకర్ ఫైళ్లు దాదాపుగా అను ఫాంట్లలో ఉండి ఉంటాయి. అది ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ కాదు, ఫాంటు తీసేస్తే మీ నవల మొత్తం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల కుప్ప. పీడీఎఫ్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ మీ పాఠకుడు చదివేది చేతిలోని ఫోనులో, పేజీని రెండు వేళ్లతో పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకుంటూ ఎవరూ రెండొందల పేజీల హత్యా రహస్యం చదవరు. కాబట్టి అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌తో మార్చి, క్యాలిబర్‌తోనో సిజిల్‌తోనో ఈపబ్ (తెర సైజుకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈ-బుక్ ఫైలు) చేయండి. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే.

కన్వర్టర్ నుంచి వచ్చిన ఫైలును నేరుగా ఎక్కించకండి. మా బంధువు ఒకాయన కథల సంపుటి నేనే మార్చాను, మొదటి అధ్యాయం చూసి బాగానే వచ్చిందని పొంగిపోయాను, మూడో అధ్యాయంలో ఒత్తులు పక్క అక్షరానికి జారిపోయి ఉన్నాయి. మీ నవలల్లో ఇంకో చిక్కు ఉంటుంది. ‘ఇన్‌స్పెక్టర్’, ‘పోస్ట్‌మార్టం’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విరామ అక్షరం ఉండాలి. అది లేకపోతే ‘ఇన్స్పెక్టర్’, ‘పోస్ట్మార్టం’ అని అక్షరాలు ఒకదాని కింద ఒకటి ఇరుక్కుంటాయి. క్రైమ్ నవలలో ఇన్‌స్పెక్టర్ పేజీకి నాలుగుసార్లు వస్తాడు, అన్నిసార్లూ పాఠకుడి కన్ను తట్టుకుంటుంది. సిజిల్‌లో ఫైండ్-రీప్లేస్ పెట్టి ఇలాంటి మాటల్ని ఒక్కొక్కటిగా పట్టుకోండి, ఓ పాతిక మాటలు సరిచేస్తే నవలలో ముప్పావు వంతు బాగుపడుతుంది. ఆ తర్వాత మాత్రం ఒక మనిషి కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందే.

ఫాంటు ఫైల్లోనే చేర్చండి. మండలి, నోటో సెరిఫ్ తెలుగు రెండూ స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నవే, అమ్మే పుస్తకంలో వాడుకోవచ్చు.

నమూనా పేజీల గురించి మీరు అడగలేదు గానీ నేరకథలకు ఇది ప్రాణం. కొనేముందు పాఠకుడికి ఉచితంగా కనిపించేది పుస్తకంలో మొదటి కొంత భాగమే. మన పుస్తకాల్లో అంకితం, ఇద్దరు పెద్దల ముందుమాటలు, నా మాట, కృతజ్ఞతలు అన్నీ అయ్యేసరికి ఆ భాగం కాస్తా అయిపోతుంది, శవం ఇంకా దొరకదు. వాటన్నిటినీ చివరికి పంపి మొదటి అధ్యాయంతోనే పుస్తకం తెరవండి. విషయసూచిక కూడా ఒకసారి చూసుకోండి. అచ్చు పుస్తకంలో ‘డాక్టర్ చెప్పిన నిజం’ అని అధ్యాయానికి పేరు పెడితే ఎవరూ పట్టించుకోరు, ఫోనులో మాత్రం మెనూ నొక్కగానే అధ్యాయాల పేర్లన్నీ వరసగా కనిపించి హంతకుడు అక్కడే బయటపడతాడు. ఒకటి, రెండు అని అంకెలు చాలు.

ఇక ఏఐ అనువాదం. 2023 సెప్టెంబరు నుంచి కేడీపీలో పుస్తకం పెట్టేటప్పుడు ఏఐ తయారుచేసిన సమాచారం ఉందా అని అడుగుతున్నారు, అనువాదం కూడా అందులోకే వస్తుంది, తర్వాత మీరు ఎంత దిద్దినా సరే ఉందనే చెప్పాలి. దాచకండి. నన్ను ఎక్కువ భయపెట్టేది కథకు జరిగే నష్టం. ‘చీకట్లో ఎవరో తలుపు తీసుకుని లోపలికి వచ్చారు’ అని మీరు రాస్తారు, ఆడో మగో తెలియకుండా ‘వచ్చారు’ దాచిపెడుతుంది. తర్వాతి వాక్యానికల్లా ఆ మనిషికి మెషీన్ ఇంగ్లిష్‌లో ‘హీ’ తగిలిస్తుంది, ఇరవయ్యో అధ్యాయంలో హంతకురాలు ఆమె అని తేలినప్పుడు పాఠకుడు మీరు మోసం చేశారనుకుంటాడు. ‘బావ’ సంగతీ అంతే. మేనబావా, అక్క మొగుడా అన్న అనుమానం మీద నడిచే కథను ‘బ్రదర్ ఇన్ లా’ ఒక్క మాటతో తేల్చేస్తుంది. మూడు నవలలు వద్దు, ఒక్కటి తీసుకోండి, రెండు భాషలూ బాగా తెలిసిన మనిషికి డబ్బిచ్చి చేయించండి. అది నిలబడితే మిగతావి చూద్దాం.

ధర: కేడీపీలో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య పెడితే 70 శాతం రాయల్టీ తీసుకోవచ్చు, అది దాటినా తగ్గినా 35 శాతమే. 70 శాతం పద్ధతిలో అమెరికా అమ్మకాలపై ఫైలు బరువును బట్టి మెగాబైటుకు 15 సెంట్లు ముందే తీసేస్తారు. 4.99 డాలర్ల పుస్తకం 2 ఎంబీ ఉంటే మీకు 3.28 డాలర్లు వస్తుంది. అదే పుస్తకం 0.99కి పెడితే 35 సెంట్లు. ఫైలు బరువెక్కితే కోతా పెరుగుతుంది, అందుకని లోపల బొమ్మలు కుక్కకండి. గూగుల్‌లో తెలుగు నవలకు రూపాయల ధర వేరుగా, డాలర్ల ధర వేరుగా పెట్టండి. ఇక్కడి 99 రూపాయలనే డాలర్లలోకి మార్చి వదిలేస్తే మీకే నష్టం, డాలస్‌లో ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువ ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నారు.

ప్రశ్న: నా ఇంగ్లిష్ థ్రిల్లర్ అమెరికాలో అమ్ముడుపోతోంది కానీ ప్రతిసారీ 30 శాతం కోస్తున్నారు. ఇది మామూలేనా?
– ఒక రచయిత్రి, విశాఖపట్నం

టెన్షన్ పడకండి, అది అమెరికా పన్ను, తగ్గించుకోవచ్చు. ఖాతాలో పన్ను వివరాల ఫారం నింపేటప్పుడు మీరు భారతదేశ నివాసి అని, పాన్ నంబరుతో సహా ఇవ్వాలి. అక్కడ పాన్ ఖాళీగా వదిలేసి ఉంటారు. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది, దాని ప్రకారం రాయల్టీ మీద కోత 15 శాతానికి దిగుతుంది. ఫారం మళ్లీ నింపండి, పేరు పాన్ కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. అక్కడ కట్టిన ఆ 15 శాతాన్ని ఇక్కడి రిటర్నులో సర్దుబాటు చేసుకునే వీలుంది, ఆడిటరుకు ఆ కాగితాలు చూపించండి.

ప్రశ్న: మా అమ్మకు చూపు మందగించింది. డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. ఫోను తెలుగు పుస్తకం చదివి వినిపిస్తుందా?
– ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

వినిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘టెక్స్ట్ టు స్పీచ్’ అని వెతకండి, గూగుల్ ఇంజిన్ ఎంచుకుని తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేయండి. తర్వాత ప్లే బుక్స్‌లో పుస్తకం తెరిచి ‘రీడ్ అలౌడ్’ నొక్కండి. వేగం కాస్త తగ్గిస్తే పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది. కొనేముందు నమూనా భాగం మీద ఒకసారి పరీక్షించండి, అక్షరాల సైజు పెంచితే వాక్యాలు కిందికి సర్దుకున్నాయంటే అది నిజమైన అక్షరాల పుస్తకం, ఫోను చదవగలదు. పేజీ మొత్తం బొమ్మలా పెద్దదైతే అది స్కాన్ చేసిన పుస్తకం, అమ్మకు పనికిరాదు. తెనాలి రచయిత గారూ, మీ పీడీఎఫ్ ఎక్కిస్తే ఈ అమ్మగారు మీ నవల వినలేరు.