పాఠకుల ప్రశ్న: తాడు షాకిల్ ముడి ఎందుకు కుంచించుకుపోయింది?

ప్రశ్న: హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటున్నాను. 5 మి.మీ. డైనీమా తాడుతో నేనే సాఫ్ట్ షాకిల్ (ఒక చివర ముడి, రెండో చివర ఉచ్చు ఉండి, ముడిని ఉచ్చులో దూర్చి మూసే తాడు కొక్కెం) చేసి, తెరచాపను అదుపు చేసే షీట్ తాడును తెరచాప మూలకు దానితో తగిలించాను. ఉచ్చులోంచి జారకుండా ఆపే డైమండ్ ముడిని బలం కొద్దీ లాగి బిగించాను. రెండు ఆదివారాలు తిరిగేసరికి ముడి చిన్నదై, కొసలు లోపలికి జరిగి, ఒక గాలి విసురుకు షాకిల్ ఊడిపోయింది. కొసలను కాల్చి ముద్ద చేస్తే ఆగుతుందా?
— ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్

జవాబు: ఆగదు, పైగా చేటు చేస్తుంది. డైనీమా పాలిథిలిన్ జాతి పోగు. సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. ముడికి ఆనుకుని మంట పెడితే కొస గట్టిపడినట్టు కనిపించినా, బరువు మోయవలసిన పక్క పోగులు బలం కోల్పోతాయి.

లోపం ముడి లోపల మిగిలిన వదులులో ఉంది. ఈ తాడు నూనె రాసినంత నున్నగా ఉంటుంది కనుక, చేతికి రాయిలా తగిలే ముడిలో కూడా ఇంకా చోటు మిగిలే ఉంటుంది. అసలు లాగుడు పడిన రోజున ఆ చోటంతా మూసుకుపోయి, షాకిల్ కాళ్లు, అంటే ముడికీ ఉచ్చుకూ మధ్య ఉండే రెండు తాళ్లు, పొడుగై, పొట్టిగా కోసిన కొసలు లోపలికి వెళ్లిపోతాయి.

కొత్తది చేసేటప్పుడు ఒక్కో కొసను జానెడు వదలండి. ముడి ఆకారం కుదిరిన వెంటనే కొసలు పట్టి గుంజకండి. బయటి వరస బిగిసి, లోపలి వదులు అక్కడే చిక్కుకుంటుంది. కాళ్ల దగ్గర మొదలుపెట్టి, మొన అరగదీసిన దబ్బనంతో ఒక్కో మడతనూ తాడు నడిచిన దారిలోనే కొంచెం కొంచెంగా కొస వైపు జరుపుతూ రండి. మూడు నాలుగు విడతలు ఓపికగా ఇలా చేస్తే ముడి అన్ని వైపులా ఒకే తీరున దిగుతుంది. ప్రతి విడతలోనూ రెండు కాళ్లను కొలిచి చూడండి. ఒకటి పొట్టిదైతే బరువు దానిమీదే ఎక్కువగా పడుతుంది.

చివరి బిగింపు చేతులతో అయ్యే పని కాదు. ఇక్కడే చాలామంది తొందరపడతారని నా నమ్మకం. షాకిల్‌ను మూసి, ఉచ్చు ముడి మెడ కింద (కాళ్లు ముడిలోకి వెళ్లే చోట) సరిగా కూర్చున్నాక, రెండు గట్టి, నున్నని ఆధారాల మధ్య తగిలించి, మెకానిక్కులు ఇంజన్లు ఎత్తే చైన్ పుల్లీతో నిదానంగా లాగండి. పడవపై పడేదానికంటే ఎక్కువ లాగుడే ఇవ్వాలి కానీ తాడు తెగే బలానికి దగ్గరగా పోకూడదు. తాడు సాగిన వరసలో ఎవరూ నిలబడకూడదు. కొన్ని నిమిషాలు అలాగే ఉంచి, వదిలి, ముడి ఇక చిన్నదవడం లేదని తేలేవరకూ మళ్లీ లాగండి.

ఆ తరువాతే కొసలను 25 మి.మీ. ఉంచి కోసి, మైనం పూసిన దారంతో కట్టండి. బిగిసిన ముడి ఉచ్చులోంచి సులువుగా జారుతుంటే ఉచ్చు పెద్దదైనట్టే. దాన్ని వాడకుండా మళ్లీ చేయండి. పడవ ఎక్కే ముందు ప్రతిసారీ ముడి మెడ దగ్గర వేలితో తడిమి చూడండి, ఎందుకంటే తెగుడు సాధారణంగా అక్కడే మొదలవుతుంది.