తుప్పు తెగులును తట్టుకునే పైన్ రకాలు తయారు చేయడం సాధ్యమేనా, లేక మందు కొట్టడమే మేలా?

సాధ్యమే. అమెరికాలోని ఇడాహోలో వెస్టర్న్ వైట్ పైన్ అనే రకం మీద ఈ పని 1950లోనే మొదలైంది. ఇక మందంటారా, కొండల నిండా పరుచుకున్న అడవికి ఎవరు కొడతారండీ?

మేముండేది ఒరెగాన్‌లో. ఇక్కడ కాటేజ్ గ్రోవ్‌లో తెగులును తట్టుకునే చెట్లను పరీక్షించే డొరీనా కేంద్రం 1966 నుంచి ఉంది. నారుకు కావాలని తెగులు పట్టించడం అక్కడే చూశాను. చల్లటి గది, లోపలంతా దట్టమైన పొగమంచు. కింద పెట్టెల్లో పైన్ నారు, పైన జాలీల మీద పరిచిన రైబీస్ ఆకులు. గూస్‌బెర్రీ, కరెంట్ అనే చిన్న పండ్ల పొదలది ఈ రైబీస్ జాతే. ఆకుల అడుగున గోధుమరంగు నూగు. తెగులు బీజాలు అక్కణ్ణించి రాలి సూదుల్లాంటి పైన్ ఆకుల మీద పడతాయి. ఈ తెగులు పైన్ నుంచి పైన్‌కు నేరుగా పాకదు, మధ్యలో రైబీస్ లాంటి మరో మొక్క ఉండాల్సిందే. పచ్చగా కళకళలాడే నారును చేతులారా జబ్బుకు అప్పగిస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బయట ఉంచి, ఏ తల్లిచెట్టు పిల్లలు ఎక్కువ బతికాయో లెక్క చూస్తారు.

అసలు ఈ పీడ మన నెత్తికెక్కింది దిగుమతి నారుతో. పడమటి తీరానికి 1910లో ఫ్రాన్స్ నుంచి వాంకూవర్‌కు వచ్చిన మొక్కలతో చేరింది. తర్వాత రైబీస్ పీకేస్తే సరిపోతుందని 1930లలో కోట్ల పొదలు పీకించారు. వేరుముక్క మిగిలితే మళ్ళీ మొలిచే పొద అది! ఆ కూలి డబ్బులు అప్పుడే మంచి చెట్లు వెతకడానికి పెట్టాల్సింది.

నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఒక్క జన్యువును నమ్ముకోకూడదు. షుగర్ పైన్‌లో తెగులును పూర్తిగా ఆపే సీఆర్1 అనే జన్యువు ఉంది. కాలిఫోర్నియాలో హ్యాపీ క్యాంప్ దగ్గరి పరీక్ష తోటలో దాన్ని దాటేసే తెగులు రకం 1970లలోనే బయటపడింది. మన సాంబ మసూరికి ఎండాకు తెగులు కోసం హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఒకటి కాదు, మూడు జన్యువులు కలిపి 2008లో కొత్త రకం విడుదల చేశారు. వరి ఏడాదికి రెండు పంటలు పండుతుంది కాబట్టి అది కుదిరింది. పైన్ కాయ కాయడానికే ఏళ్ళు పడుతుంది. అందుకే తెగులు సోకినా తట్టుకుని నిలబడే చెట్లనూ వదలకుండా గింజ దాచాలి.

నర్సరీల్లో "తెగులు తట్టుకునే రకం" అని చీటీ అంటించేస్తారు. ఏ తెగులును, ఎవరు పరీక్షించారు అంటే జవాబుండదు. ఈ తెగులు ముఖ్యంగా పట్టేది ఐదేసి సూదుల గుత్తులుండే పైన్‌లకే. మీరు అలాంటిది కొంటుంటే, గింజ ఏ తోటదో చెప్పేదాకా డబ్బు తీయకండి.