లాక్‌డౌన్‌లో ఇల్లు శుభ్రం చేసే పనులు ఎలా పంచుకున్నాం?

పనమ్మాయి రాక, అందరూ ఇంట్లోనే ఉంటే పనులు గొడవ లేకుండా ఎలా పంచుకోవాలని అడిగారు. 2020లో మా ఇంట్లో జరిగింది చెప్తాను. గొడవ లేకుండా అన్నదానికి మాత్రం నాది పూచీ కాదు.

మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. అత్తయ్యగారు, మావారు, ఇంటర్ చదివే అబ్బాయి, ఏడో తరగతి అమ్మాయి, నేను. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25న ఉగాది, ఆ రోజు నుంచే దేశమంతా లాక్‌డౌన్. సరిగ్గా బూజులు దులిపే వారంలో బయటివాళ్ళెవరినీ గేటు దాటనివ్వమన్నారు అసోసియేషన్ వాళ్ళు.

మావారు వెంటనే టైంటేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించారు. రోజుకొకరు ఊడవాలి, రోజుకొకరు తుడవాలి. అది వారం కూడా నిలవలేదు. వంతులేసుకుంటే నిన్నటివాళ్ళు వదిలేసిన మూల ఇవాళ్టివాళ్ళ నెత్తిన పడుతుంది మరి. చివరికి అత్తయ్యగారే తేల్చారు: "రోజుకొకరు కాదమ్మా, ఏ పని ఎవరిదో వాళ్ళకే రాసిచ్చెయ్యండి."

రాసిచ్చెయ్యడమంటే పూర్తిగానే. బాత్రూములు అబ్బాయివి అంటే బ్రష్షు తిప్పడంతో సరిపోదు. ఫినాయిల్ అయిపోతోందని ముందే చూసుకుని సరుకుల చీటీలో రాయడం కూడా వాడిదే. "అమ్మా, ఇప్పుడేం చెయ్యాలి?" అని నన్ను అడగకూడదు. నాకు బరువు తగ్గింది అక్కడే. ఒళ్ళు వంచి చేసే పనికన్నా, ఏది ఎప్పుడు చెయ్యాలో గుర్తుపెట్టుకోవడమే నాకు పెద్ద టెన్షన్. ఒక్క జాగ్రత్త మాత్రం వాడికి గట్టిగా చెప్పాను: టాయిలెట్ క్లీనర్‌లో యాసిడ్ ఉంటుంది, దాన్ని బ్లీచింగ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. రెండూ ఎప్పుడూ కలపకూడదు.

అసలు యుద్ధం అంట్ల దగ్గర. అయిదుగురం రోజంతా ఇంట్లో ఉంటే సింకు ఖాళీగా కనిపించదు. మంచినీళ్ళకో గ్లాసు, మజ్జిగకో గ్లాసు, కాఫీకి ఇంకోటి. తోమేవాళ్ళని పెంచడం మానేసి అంట్లనే తగ్గించాం. మనిషికో కంచం, గ్లాసు, కప్పు ఉంచి మిగతావన్నీ అటక ఎక్కించాం. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి. కుక్కరు, బాణలి, పాలగిన్నె మావారివి. మాడిన బాణలిలో నీళ్ళు పోసి కాస్త వంటసోడా వేసి మరిగిస్తే అడుగు వదులుతుందని ఆయన కనిపెట్టారు. ఆ తర్వాత నా వంట మీద వ్యాఖ్యానాలు మొదలు: "ఉప్మా అడుగంటకుండా చెయ్యలేవా?" తోమేవాళ్ళకే కదా తెలిసేది!

కొడుకు అంట్లు తోమడం చూసి అత్తయ్యగారు మొదట్లో నొచ్చుకున్నారు, సలహా ఆవిడదే అయినా. నేనేమీ మాట్లాడలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం 2019 టైమ్ యూజ్ సర్వే లెక్కలు బయటపెట్టింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఏదో ఒక ఇంటిపని చేసే మగవాళ్ళే నూటికి 26 మంది. ఇది చదివి వినిపిస్తే ఆవిడ, "మీ మామగారు ఉండుంటే ఆ లెక్క ఇంకా తగ్గేది" అన్నారు. ఆ తర్వాత కొడుకు చేతిలో పీచు చూసి ఏమీ అనలేదు.

ఫ్యాన్లు కూడా అబ్బాయికే. రెక్కకి పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్ము మంచం మీద రాలకుండా అందులోనే పడుతుంది. కిటికీలు, టీవీ స్టాండు అమ్మాయివి. అది తుడిచాక గాజు మీద చారలు ఉండేవి, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఒకసారి అప్పగించాక వెనకాలే వెళ్ళి మళ్ళీ తుడిస్తే, రెండోసారి వాళ్ళు ఆ గుడ్డ ముట్టుకోరు. అలా చూస్తూ ఊరుకోలేని పని ఏదైనా ఉంటే అది మీరే ఉంచుకోండి. నేను గ్యాస్ గట్టు మాత్రం ఎవరికీ రాసివ్వలేదు.